థ్రిల్లర్ చూస్తే తలనొప్పి, హారర్ చూస్తే నిద్ర కరవు.. ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 47. బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. రాత్రి భోజనాలయ్యాక పదింటి నుంచి ఒంటిగంట దాకా సోఫాలో పడుకుని 55 అంగుళాల టీవీలో సినిమాలు, వెబ్ సిరీస్‌లు చూస్తాను. టీవీ గోడకు కాస్త ఎత్తులో బిగించి ఉంది. ఏడాదిగా ప్రోగ్రెసివ్ కళ్లద్దాలు వాడుతున్నాను. లైట్లన్నీ ఆర్పేసి క్రైమ్ థ్రిల్లర్లు చూస్తే తలనొప్పి వస్తోంది. సబ్‌టైటిల్స్ పెట్టుకుని మలయాళం, కొరియన్ సిరీస్‌లు చూస్తే కళ్ల మంట, మెడనొప్పి. హారర్ చూసిన రోజు గుండె దడ, తెల్లవారుజాము దాకా నిద్ర పట్టదు. మాటలు సరిగా వినపడక సౌండ్ పెంచితే ఇంట్లోవాళ్లు కోప్పడుతున్నారు. తెర నీలి కాంతిని అడ్డుకునే బ్లూ లైట్ అద్దాలు కొనుక్కోమని ఒకరు, నిద్రమాత్ర వేసుకోమని ఇంకొకరు సలహా ఇస్తున్నారు. ఏం చేయమంటారు?
– ఓ పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఏది చూస్తే ఏ బాధ వస్తోందో విడివిడిగా రాసి మంచి పని చేశారు. కారణాలు కూడా అలాగే వేరువేరుగా ఉన్నాయి. ప్రస్తుతానికి బ్లూ లైట్ అద్దాలూ వద్దు, నిద్రమాత్రలూ వద్దు. మామూలు అద్దాలతో పోలిస్తే బ్లూ లైట్ అద్దాలు కంటి అలసటను తగ్గిస్తాయనడానికి తగిన ఆధారం దొరకలేదని వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2023 సమీక్ష తేల్చింది. ఆ డబ్బు కంటి పరీక్షకు పెట్టండి.

ముందు మీ కళ్లద్దాల సంగతి. మెడనొప్పికి, సబ్‌టైటిల్స్ మసకగా కనిపిస్తుంటే దానికీ మొదట అనుమానించాల్సింది వాటినే. ప్రోగ్రెసివ్ అద్దంలో పైభాగం దూరపు చూపుకి, మధ్య భాగం కంప్యూటర్ దూరానికి, కింది భాగం సుమారు 40 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని చదవడానికి. తల దిండు మీద వాల్చి పాదాల అవతల ఉన్న టీవీని చూస్తుంటే మీ చూపు అద్దం కింది భాగం గుండా, అంటే చదివే నంబరు గుండా వెళ్తుంది. అక్షరాలు మసకగా కనిపిస్తాయి. స్పష్టంగా కనిపించడం కోసం మీకు తెలియకుండానే గడ్డం ఛాతీకి ఆనించి పైభాగంలోంచి చూస్తారు. రెండు గంటలు మెడను అలా వంచి ఉంచితే వెనుక కండరాలు పట్టేస్తాయి, ఆ నొప్పి తల వెనుక నుంచి నుదుటి దాకా పాకుతుంది. పక్కకు తిరిగి పడుకుంటే ఇంకో ఇబ్బంది. ఈ అద్దాల అంచుల్లో చూపు ఎప్పుడూ సరిగా ఆనదు.

ఇవాళ రాత్రే తేల్చుకోవచ్చు. ఒక సబ్‌టైటిల్ దగ్గర బొమ్మను ఆపండి. నిటారుగా కూర్చుని చదవండి. తర్వాత రోజూ పడుకునే తీరులోనే పడుకుని, తల కదపకుండా చదవండి. తేడా కనిపిస్తే దూరపు చూపు నంబరు మాత్రమే ఉన్న సింగిల్ విజన్ అద్దాలు టీవీ కోసం విడిగా చేయించుకోండి. టీవీ ఎత్తు కూడా సరిచేయాలి. సోఫాలో కూర్చుంటే మీ కళ్లు నేల నుంచి ఇంచుమించు 100 నుంచి 110 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి. తెర మధ్యభాగం ఆ ఎత్తుకు రావాలి. 55 అంగుళాల టీవీకి 7 నుంచి 9 అడుగుల దూరం సరిపోతుంది. అద్దె ఇంట్లో గోడకు కొత్తగా చిల్లులు వేయనివ్వకపోతే స్టాండు మీద దించి పెట్టుకోండి. ఎత్తులో ఉన్న తెరను చూడాలంటే రెప్పలు ఎక్కువగా తెరవాలి. కన్ను త్వరగా ఆరిపోతుంది.

కళ్ల మంటకు అసలు కారణం ఆ ఆరిపోవడమే. మామూలుగా నిమిషానికి 15 సార్లు కొట్టే రెప్ప, తెర మీద అక్షరాలు చదువుతున్నప్పుడు ఐదారు సార్లకు పడిపోతుంది. కొట్టినా సగమే మూసుకుంటుంది. పైగా ఫ్యాన్ గాలి ముఖానికి తగిలితే కన్నీటి పొర ఇంకా త్వరగా ఆరుతుంది. యాప్ సెట్టింగుల్లో సబ్‌టైటిల్ సైజు పెద్దది చేసి, వెనుక నల్ల పట్టీ వచ్చేలా పెట్టుకోండి. ఫ్యాన్ కిందనుంచి సోఫా జరపండి. సీను మారినప్పుడల్లా రెండు కళ్లూ పూర్తిగా మూసి తెరవండి. చాలకపోతే కంటిని తడిగా ఉంచే 0.5 శాతం కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ చుక్కలు రోజుకు మూడు, నాలుగు సార్లు వేసుకోవచ్చు. మూత తీసిన సీసాను, లేబుల్ మీద వేరేగా లేకపోతే, నెల తర్వాత పారేయండి. ఎరుపు పోగొట్టే చుక్కలు, స్టెరాయిడ్ కలిసిన చుక్కలు మందుల షాపులో అడిగి తెచ్చుకుని వేసుకోవద్దు. మొదటి రకంతో వాడకం ఆపగానే ఎరుపు మళ్లీ ఎక్కువవుతుంది, రెండో రకం కంటి ఒత్తిడిని పెంచగలదు.

థ్రిల్లర్ల తలనొప్పికి చీకటి గది కారణం కావచ్చు. చీకట్లో కంటిపాప పెద్దదవుతుంది. నల్లటి సీను మధ్యలో ఒక్కసారి టార్చి వెలుగో, పేలుడో వస్తే ఆ కాంతంతా లోపలికి దూసుకుపోతుంది. టీవీని ‘వివిడ్’ మోడ్ నుంచి ‘సినిమా’ మోడ్‌కు మార్చండి. టీవీ వెనుక గోడ మీద పడేలా చిన్న దీపం ఒకటి వెలిగించి ఉంచండి. ఎదురుగా, తెరలో ప్రతిబింబం పడేలా కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. నలభై దాటినవారిలో, ముఖ్యంగా దూరపు చూపుకి ప్లస్ నంబరు ఉన్నవారిలో, కొందరికి కంటి లోపలి ద్రవం బయటికి పోయే కోణం ఇరుకుగా ఉంటుంది. చీకట్లో పాప పెద్దదైనప్పుడు ఆ దారి మూసుకుపోవచ్చు. అప్పుడు ఒక కంట్లో భరించలేని నొప్పి, ఎరుపు, వాంతులు, దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. ఇది మామూలు తలనొప్పి కాదు, ఆలస్యమైతే చూపు పోతుంది. తెల్లారనివ్వకుండా ఆ రాత్రే కంటి ఆసుపత్రికి వెళ్లాలి.

కెమెరా ఊగిపోయే యాక్షన్ సినిమాలకు కడుపులో తిప్పితే రెండడుగులు వెనక్కి జరిగి, గదిలో లైటు వేసుకుంటే చాలామటుకు సర్దుకుంటుంది. ఇంట్లో ఎవరికైనా మూర్ఛ (ఫిట్స్) ఉంటే మాత్రం లైట్లు టపటపా వెలిగి ఆరే సీన్లతో జాగ్రత్త. అలాంటి సీను రాగానే ఒక కన్నును అరచేతితో పూర్తిగా మూసి, ముఖం పక్కకు తిప్పుకోవాలి.

ఇక హారర్. భయపడినప్పుడు అడ్రినలిన్ విడుదలై గుండె వేగం, బీపీ పెరుగుతాయి. నిద్ర రావాలంటే శరీరం నెమ్మదించాలి, లోపలి ఉష్ణోగ్రత కాస్త తగ్గాలి. ఒంటిగంటకు దెయ్యం సినిమా ముగించి ఒకటీ పదికి నిద్రపోవాలంటే కుదరదు. హారర్, క్రైమ్ శనివారం సాయంత్రానికి పెట్టుకోండి. రాత్రి చివరి గంటలో ఇదివరకు చూసిన కామెడీనో, ప్రకృతి డాక్యుమెంటరీనో చూడండి. తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన కథ మెదడును లాగి పట్టుకోదు. సిరీస్ అయితే ఆటోప్లే ఆపేయండి. ఎపిసోడ్ చివర ముడి వేసి వదలడం రచయితల పద్ధతి, అక్కడ ఆపడం కష్టం. తర్వాతి ఎపిసోడ్‌లో పది నిమిషాలు చూస్తే ఆ ముడి చాలాసార్లు విడిపోతుంది. అక్కడ ఆపండి. రాత్రి తొమ్మిదింటికి ఫిల్టర్ కాఫీ తాగే అలవాటుంటే మానేయండి. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది.

దడ సినిమా ఆపిన పది, పదిహేను నిమిషాల్లో తగ్గిపోతే భయం లేదు. నాడి లయ తప్పుతున్నా, ఛాతీ బిగుతు, చెమటలు, కళ్లు తిరగడం ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి. అవేవీ లేకపోయినా మీ వయసుకు బీపీ, షుగర్ ఒకసారి చూపించుకోవాల్సిందే.

మాటలు వినపడకపోవడంలో తప్పు మీ చెవిది కాకపోవచ్చు. 5.1 ఆడియోలో, అంటే గది చుట్టూ ఆరు స్పీకర్లు పెట్టుకునేవారి కోసం చేసే ఆడియోలో, మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కు ఇస్తారు. టీవీకి ఉన్న రెండు చిన్న స్పీకర్లలో అవి నేపథ్య సంగీతంతో కలిసిపోతాయి. యాప్‌లో స్టీరియో ట్రాక్ ఉంటే ఎంచుకోండి, టీవీలో నైట్ మోడ్ లేదా డైలాగ్ పెంచే సెట్టింగు ఆన్ చేయండి. తెలుగు వార్తలు కూడా స్పష్టంగా వినపడకపోతే మాత్రం ఈఎన్‌టీ డాక్టర్‌తో గులిమి చూపించుకుని, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) చేయించుకోండి.

కంటి పరీక్షకు వెళ్లేముందు సోఫాకు, టీవీకి మధ్య దూరం టేపుతో కొలిచి రాసుకెళ్లండి. నంబరుతో పాటు కంటి ఒత్తిడి, కోణం కూడా చూడమని అడగండి. చామరాజపేటలోని మింటో ప్రభుత్వ కంటి ఆసుపత్రికి వెళ్లవచ్చు. ఒంటిగంటకు ఆపాలనుకున్నా ఆపలేక మర్నాడు ఆఫీసు పని దెబ్బతింటుంటే బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014లో మొదలైన షట్ క్లినిక్ ఉంది. తెరల వాడకం అదుపు తప్పినవారికి అక్కడ కౌన్సెలింగ్ ఇస్తారు.