ఒక్క టైరే మార్పించకు, అమ్మడూ

చి. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

కొలరాడోలోని గన్నిసన్‌లో ఉద్యోగం వచ్చిందని, కొండదారులకని 2016 సుబారు ఔట్‌బ్యాక్ కారు కొన్నావని మీ నాన్న చెబితే గర్వంగా అనిపించింది. ఒక టైరు పక్కగోడ (సైడ్‌వాల్) చీలిందని, అదొక్కటే కొత్తది వేయిస్తావని కూడా చెప్పాడు. ఆ పని మాత్రం చెయ్యకు.

మామూలు కారుకు చెల్లేది దీనికి చెల్లదు. ఇది ఆల్‌వీల్ కారు, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందుతుంది. ముందు, వెనక ఇరుసుల మధ్య వేగాల తేడాను సర్దడానికి గేర్‌బాక్స్ వెనక భాగంలో పలకల క్లచ్ ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు కాస్త జారడమే దాని పని. నీ పాత మూడు టైర్ల ట్రెడ్, అంటే గాళ్ల లోతు, 6/32 అంగుళం అట. కొత్తదానికి 10/32 ఉంటుంది. చుట్టుకొలతలో ముప్పావు అంగుళం తేడా! నీ 225/65ఆర్17 సైజులో ఆ చక్రానికీ పక్కదానికీ మైలుకు సుమారు ఆరు చుట్లు తేడా వస్తుంది. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల వేగాల తేడాను సర్దే డిఫరెన్షియల్ కొంత సర్దినా మిగిలిందంతా క్లచ్ మీదే పడుతుంది. తిన్నటి రోడ్డు మీద కూడా అది జారుతూనే, వేడెక్కుతూనే ఉంటుంది. చివరికి పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కదిలిస్తే కారు పట్టేసినట్టు కుదుపుతుంది. అప్పుడు రిపేరు వేల డాలర్ల మాట. నాలుగు టైర్ల చుట్టుకొలతల్లో తేడా పావు అంగుళం దాటకూడదని కంపెనీయే చెబుతుంది.

కొత్త టైరును మిగతావాటి లోతుకు చెక్కించి వేయించుకునే పద్ధతి ఉంది. ఎండాకాలమైతే నేనూ అదే చెప్పేవాణ్ణి. కానీ కొలరాడోలో ఐ-70 హైవే మీద డాట్సెరో నుంచి మారిసన్ దాకా సెప్టెంబర్ మొదలు మే చివరివరకు, మిగతా హైవేల మీద ప్రకటించినప్పుడు, ఆల్‌వీల్ కారుకు కూడా ట్రెడ్ కనీసం 3/16 అంగుళం ఉండాలి. అంటే 6/32. నీ టైర్లు సరిగ్గా ఆ గీత మీదే ఉన్నాయి, కాస్త అరిగినా చాలవు. అందుకే నాలుగూ మార్చు. మంచుకు పనికొస్తాయని తెలిపే, మూడు శిఖరాల మధ్య మంచురేకు గుర్తున్నవే తీసుకో. ప్రతి 6,000 మైళ్లకు చక్రాలు ముందువి వెనక్కి మార్పించు, అన్నీ సమంగా అరుగుతాయి.

స్టెప్నీ సన్నది. దాంతో దగ్గర్లోని షాపు దాకానే, గంటకు 50 మైళ్లలోపే. కారు ఆగిపోతే నాలుగు చక్రాలూ నేల మీంచి లేచేలా ఫ్లాట్‌బెడ్ మీదే ఎక్కించు. రెండు చక్రాలు ఈడ్చుకుపోయేలా లాగనివ్వకు.

ఇంజన్ ఆయిల్ 0డబ్ల్యూ-20. రెండుసార్లు పెట్రోలు పోయించాక ఒకసారి డిప్‌స్టిక్ చూడు. వెనక డిఫరెన్షియల్‌లో 75డబ్ల్యూ-90 జీఎల్-5 గేర్ ఆయిల్ సుమారు 0.8 లీటరు పడుతుంది. మార్చేటప్పుడు ముందుగా, ఆయిల్ నింపే రంధ్రం బోల్టు ఊడుతుందో లేదో చూసుకో. అది ఊడకముందే పాత ఆయిల్ కింద వదిలేస్తే కారు అక్కడే కూర్చుంటుంది.

నాకు అసలు భయం మోనార్క్ పాస్ అనే కొండ కనుమ. 11,312 అడుగుల ఎత్తు. ఆల్‌వీల్ కదలడానికి సాయపడుతుంది గానీ ఆగడానికి కాదు. గడ్డకట్టిన రోడ్డు మీద అన్ని కార్లూ ఒక్కలాగే జారతాయి. దిగేటప్పుడు మాన్యువల్ మోడ్‌లో కింది గేర్‌కు తెచ్చుకో, బ్రేకు మీదే కూర్చోకు. మునిమాపు వేళ లేళ్లు రోడ్డు మీదకొస్తాయి. ఒకటి దాటితే వెనక ఇంకొకటి ఉంటుందనుకో. దుప్పటి, పార, నీళ్లు, టార్చి కార్లోనే ఉండాలి. దారిలో చాలాచోట్ల ఫోను సిగ్నల్ ఉండదు తల్లీ, బయలుదేరేటప్పుడు, చేరాక నాన్నకు చెప్పు.

టైర్ల షాపువాడు ఒక్కటి చాలంటే ఫోన్ నాకివ్వు.

పెదనాన్న