మాక్ పేపర్లు దిద్దబోతున్న మా చెల్లెలి కూతురికి

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. స్కూల్ ఉద్యోగం మానేశావని సగంసేపు ఏడుపు, కూకట్‌పల్లిలో, విదేశాలకి వెళ్ళేవాళ్ళు రాసే ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీష్ పరీక్ష కోచింగ్ సెంటర్‌లో మాక్ టెస్టులు దిద్దే పనిలో చేరావని మిగతా సగం గొప్పలు. "అచ్చం నీ దారే పట్టిందక్కా" అంది చివర్లో. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో నేను అడగలేదు. నాకైతే సంతోషమే. మనింట్లో ఇంకో ఎర్రపెన్ను తయారైందని మీ పెదనాన్నతో చెప్పి నవ్వాను కూడా. కానీ పడుకున్నాక నిద్ర పట్టలేదు. పొద్దున్నే కాఫీ తాగి ఇది మొదలుపెట్టాను. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని ఊకొట్టి ఊరుకుంటావు.

ముందు తేలికైనవి చెప్పేస్తాను. లిజనింగ్‌లో 40 ప్రశ్నలు, రీడింగ్‌లో 40. ఒక్కోదానికి ఒక్క మార్కు, కీ పక్కన పెట్టుకుని దిద్దడమే. తప్పు రాస్తే మార్కులు కోయరు కాబట్టి ఖాళీలు వదిలేవాళ్ళని మొదటిరోజే మందలించు. స్పెల్లింగ్ తప్పితే సున్నా. రెండు మాటలకి మించొద్దన్నచోట మూడు రాస్తే సున్నా. బ్రిటిష్ స్పెల్లింగ్ రాసినా అమెరికన్ స్పెల్లింగ్ రాసినా ఒప్పుకో. అన్నీ పెద్దక్షరాల్లో రాసినా ఒప్పుకో.

మనవాళ్ళకి లిజనింగ్‌లో ఎక్కువగా పోయేది మాట చివరి 'ఎస్'. కీలో 'టికెట్స్' అని ఉంటుంది, పిల్ల 'టికెట్' అని రాస్తుంది. "విన్నాను మేడమ్, రాయడంలో పోయింది" అంటూ నీ టేబుల్ దగ్గర నిలబడుతుంది. మార్కు వేయకు. సున్నా చుట్టి పక్కన చిన్నగా 'ఎస్' అని రాయి. మూడు నాలుగు పేపర్లయ్యాక ఆ 'ఎస్'లన్నీ లెక్కపెట్టి తనకే చూపించు, తర్వాతి పేపర్ నుంచి చెవి దానంతటదే అటు తిరుగుతుంది.

టైమ్ దగ్గర కూడా జాలి పనికిరాదు. రీడింగ్‌కి 60 నిమిషాలంటే జవాబులు షీట్‌లో ఎక్కించడంతో కలిపే 60. లిజనింగ్‌లో పేపర్ మీద రాసే పరీక్షయితే షీట్‌లో ఎక్కించడానికి చివర్లో 10 నిమిషాలు ఇస్తారు, కంప్యూటర్ మీద రాసేవాళ్ళకి సరిచూసుకోవడానికి 2 నిమిషాలే. నేను కొత్తగా చేరిన రోజుల్లో లిజనింగ్ అంటే టేప్ రికార్డరే. మూడో సెక్షన్ మధ్యలో కరెంటు పోయేది. చీకట్లో క్యాసెట్ బయటికి తీసి, పెన్సిల్ దూర్చి వెనక్కి తిప్పి, కరెంటు వచ్చాక మళ్ళీ మొదట్నుంచి పెట్టేవాళ్ళం. రెండోసారి విన్నవాళ్ళకి మార్కులు ఎందుకు పెరగవు? ఆ మార్కులే రిజిస్టర్‌లోకి ఎక్కేవి. పక్కన 'రెండుసార్లు విన్నారు' అని నేను రాస్తే మేనేజర్‌కి చిర్రెత్తుకొచ్చేది. ఇప్పుడు మీకు కరెంటు బాధ లేదు, కానీ "ఇంకో ఐదు నిమిషాలు మేడమ్" అనే బాధ ఉంటుంది. ఇస్తే ఇచ్చావని షీట్ మీద రాయి.

ఇక నన్ను మేలుకోబెట్టిన సంగతి. ఇది పొడుగు, ఓపిగ్గా చదువు.

విజయవాడలో నేను చివర్లో పనిచేసిన సెంటర్ ఉంది కదా, పేరెందుకులే. అక్కడ రైటింగ్ పేపర్లు నాకు ఇచ్చేవాళ్ళు. రీడింగ్, లిజనింగ్ ఫ్రంట్ ఆఫీసు కుర్రాడు దిద్దేవాడు. ఎన్ని కరెక్టయితే ఎంత బ్యాండ్ (9కి ఎంత అని వేసే స్థాయి అంకె) అనే పట్టిక బీరువా తలుపు లోపలివైపు అంటించి ఉండేది. జిరాక్స్‌కి జిరాక్స్, దానికి మళ్ళీ జిరాక్స్. అది మూడో ఎనిమిదో తెలిసేది కాదు. పైన హెడింగ్ ఉన్న వరస ఏ జిరాక్స్‌లోనో కోసుకుపోయింది. 23 అంటే 6, 30 అంటే 7, 35 అంటే 8. కుర్రాడు వేలు పెట్టి చూసి షీట్ మీద వేసేసేవాడు.

ఆ లెక్క అకడమిక్ రీడింగ్‌ది, అంటే చదువుకోవడానికి వెళ్ళేవాళ్ళు రాసేది. కెనడా పీఆర్ కోసం, అంటే అక్కడే స్థిరపడే అనుమతి కోసం రాసేది జనరల్ ట్రైనింగ్. అందులో పాసేజీలు తేలిక, అందుకని అదే బ్యాండ్ రావాలంటే ఇంకా ఎక్కువ కరెక్ట్ కావాలి. 30 కరెక్టయితే అకడమిక్‌లో దాదాపు 7, జనరల్‌లో 6. జనరల్‌లో 7 కావాలంటే 34 దాకా రావాలి. సెంటర్‌లో రెండు రకాల పిల్లలూ ఉన్నారు, తలుపు మీద పట్టిక మాత్రం ఒక్కటే.

అప్పుడు ఒక అబ్బాయి వచ్చేవాడు. మందుల కంపెనీలో ఉద్యోగం, పెళ్ళయి ఒక పాప. ఆ పీఆర్‌కి పెట్టుకునే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో పాయింట్ల కోసం అతనికి లిజనింగ్‌లో 8, మిగతా మూడింటిలోనూ 7 కావాలి. మాక్ రాసినప్పుడల్లా రీడింగ్‌లో 30, 31 వచ్చేవి. రాసినప్పుడల్లా షీట్ మీద 7. ఇంక రీడింగ్ అయిపోయిందనుకుని ఆ పుస్తకం మూసేశాడు. డ్యూటీ దిగి నేరుగా నా దగ్గరికి వచ్చి రైటింగ్ మీద కూర్చునేవాడు. పేరాలు విడగొట్టడం, ఒక పేరాలో ఒకటే విషయం చెప్పడం ఎంత కష్టపడి నేర్చుకున్నాడో నాకు తెలుసు. అసలు పరీక్షలో రైటింగ్ 7 వచ్చింది, రీడింగ్ 6.

రిజల్ట్ కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. గొడవేమీ చేయలేదు. "ఆ రోజు కొంచెం తలనొప్పిగా ఉంది మేడమ్, అందుకే అయ్యుంటుంది" అన్నాడు. తప్పు తనదే అనుకుంటున్నాడు! నాకు అనుమానం వచ్చి అతని పాత షీట్లన్నీ తీయించి, ఐఈఎల్‌టీఎస్ వాళ్ళ వెబ్‌సైట్‌లో ఉన్న లెక్కతో సరిచూశాను. ఒక్క మాక్‌లోనూ అతను 6 దాటలేదు. పరీక్ష రోజు కొత్తగా తప్పిందేమీ లేదు, ప్రాక్టీస్‌లో ఎలా రాశాడో అలాగే రాశాడు. ఓనర్‌కి చూపిస్తే "పట్టిక మార్చేయండి, పాతవాళ్ళకి చెప్పొద్దు" అన్నాడు. నేను ఆ రాత్రే అబ్బాయికి ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అయితే రీడింగ్ పుస్తకం మళ్ళీ తీయాలన్నమాట" అన్నాడు. తీశాడు, ఫీజు మళ్ళీ కట్టాడు, 7 తెచ్చుకున్నాడు. కానీ ఈలోగా అతనికి 30 నిండాయి. ఆ వయసు నుంచి అక్కడ పాయింట్లు తగ్గడం మొదలవుతుంది. ఆ తగ్గిన పాయింట్లు ఎవరు తిరిగిస్తారు, చెప్పు?

కాబట్టి రేపు వెళ్ళగానే ఆ పట్టిక అడుగు. ఎక్కడ దొరికింది, దేనిది, ఎప్పటిది అని అడుగు. కొత్తగా చేరి ప్రశ్నలేంటి అని మొహం చిట్లిస్తే చిట్లించనీ. ప్రతి షీట్ మీదా బ్యాండ్ పక్కన అకడమిక్ అనో జనరల్ అనో నీ చేత్తో రాయి. ఇంకోటి, ఆ హద్దులు కూడా గీత గీసినట్టు ఉండవు, పేపర్ కష్టాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ జరుగుతాయి. ఇంటర్నెట్‌లో ఎవరో తయారుచేసిన పేపర్ పెట్టి ఈ పట్టికతో బ్యాండ్ వేస్తే అది ఉత్త అంకె. కేంబ్రిడ్జ్ వాళ్ళు వేసిన ప్రాక్టీస్ పేపర్లయితేనే నమ్ము.

అయినా 27 వచ్చిందా 28 వచ్చిందా అని చూసి పేపర్ పక్కన పెట్టేస్తే నువ్వు చేసిన పని సగమే. పోయిన పదమూడు ఎక్కడ పోయాయి? మూడో పాసేజీ మొత్తం పోతే టైమ్ చాలడం లేదు. మూడింట్లోనూ చెల్లాచెదురుగా పోతే పదజాలం తక్కువ. 'నాట్ గివెన్' (పాసేజీలో ఆ సంగతే లేదు) రావాల్సినచోట్ల 'ట్రూ' పెట్టి ఉంటే ఆ పిల్లాడు పాసేజీ వదిలేసి సొంత తెలివితో రాస్తున్నాడు. ఇది తెలివైన పిల్లలకే వచ్చే జబ్బు. టీ గురించి పాసేజీ ఇస్తే, అందులో ధర ఊసే లేకపోయినా, "ధర తగ్గే ఉంటుంది కదండీ" అని నాతో వాదించిన ఎంబీఏ కుర్రాడు ఇప్పటికీ గుర్తే. ఆ వాదనలో దిగకు. "ఏ వరసలో ఉందో వేలు పెట్టి చూపించు" అను, చాలు.

రైటింగ్‌కి వస్తే నీకు అసలు పరీక్ష. నాలుగు కొలతలు ఉంటాయి: అడిగినదానికి జవాబు చెప్పాడా, ఒకదాని తర్వాత ఒకటి పొందికగా ఉందా, పదాలు, వ్యాకరణం. నాలుగింటికీ సమాన బరువు. నువ్వు స్కూల్ టీచరువి కాబట్టి నీ కన్ను ముందు వ్యాకరణం మీదికే పోతుంది, నాకు తెలుసు. 'డిస్కస్ అబౌట్' కనపడగానే చేయి దురద పెడుతుంది. పెన్ను కింద పెట్టి ఒకసారి ఊరికే చదువు. ప్రశ్నలో రెండు వైపులా చెప్పమంటే ఒకవైపే చెప్పాడేమో, అది ముందు చూడు. 'ఇన్ దిస్ మోడర్న్ ఎరా' అని మొదలయ్యే బట్టీ వాక్యాలు మీ సెంటరే నేర్పించి ఉండొచ్చు. అసలు ఎగ్జామినర్ వాటిని ఇట్టే పసిగడతాడు, నువ్వూ వాటికి మార్కులు వేయకు. టాస్క్ టూ అంటే వ్యాసం, దానికి టాస్క్ వన్ కన్నా రెట్టింపు బరువు. టాస్క్ వన్ గ్రాఫ్‌ని ముద్దుగా దిద్దుకుంటూ సగం టైమ్ తినేసే పిల్లలకి ఇది చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పాలి.

అందరి టాస్క్ టూలూ ఒక్క ఊపులో దిద్ది, చివర్లో మొదటి నాలుగైదు మళ్ళీ చూడు. పొద్దున్న వేసిన బ్యాండ్‌కీ మధ్యాహ్నం ఆకలి మీద వేసిన బ్యాండ్‌కీ ఎంత తేడా ఉంటుందో నీకే తెలుస్తుంది. ఆకలి మీద దిద్దొద్దనే చెబుతాను అసలు. నువ్వు టిఫిన్ మానేస్తున్నావట, మీ అమ్మ అదీ చెప్పింది.

స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలే. మధ్యలో తప్పులు దిద్దకు, అడిగి ఫోన్‌లో రికార్డ్ చేసి తర్వాత వినిపించు. మన యాస ఉందని భయపడేవాళ్ళకి చెప్పు, అర్థమైతే చాలు. అమెరికా యాస పెట్టబోయి మింగేసే మాటలే ప్రమాదం.

ఇప్పుడు ఆ అంకె ఎలా చెప్పాలి? రైటింగ్‌కీ స్పీకింగ్‌కీ ఒకే అంకె ఎప్పుడూ చెప్పకు. "6కీ 6.5కీ మధ్య ఉన్నావు" అని చెప్పు. నువ్వు వాళ్ళ ఎగ్జామినర్‌వి కావు, ఆ శిక్షణ వేరు. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చెప్పొచ్చు గానీ ఒక మాక్ పట్టుకుని పిల్ల రెడీ అని చెప్పలేం, కనీసం మూడు చూడు. మొదటి మాక్‌లో గట్టిగా, చివరి మాక్‌లో ధారాళంగా మార్కులు వేయమని సెంటర్‌వాళ్ళు అడగొచ్చు, మా కోచింగ్ వల్లే పెరిగిందని చూపించుకోవడానికి. నవ్వుతూనే కుదరదని చెప్పు. మానేయాల్సి వస్తే మానేయి, మన గది నీకు ఎప్పుడూ ఖాళీనే.

ఓవరాల్ లెక్క పిల్లలకి నువ్వే వేసి చూపించు. 6.5, 6.5, 5.5, 6 వస్తే సగటు 6.125, అది 6కి దిగిపోతుంది. ఆ 5.5 గనక 6 అయితే సగటు 6.25, అది 6.5కి ఎక్కుతుంది. ఏ అర బ్యాండ్ మీద కష్టపడాలో అక్కడ తేలిపోతుంది. కానీ ఓవరాల్ చూసి మురిసిపోనివ్వకు. బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావాలంటే మూడింటిలో 7, రైటింగ్‌లో 6.5 అడుగుతారు. ఓవరాల్ 7.5 ఉన్నా రైటింగ్ 6 దగ్గర ఆగిన పిల్లని నేను ఓదార్చాను. ఒక్క స్కిల్ మాత్రమే మళ్ళీ రాసే వీలు ఇప్పుడుంది, అయితే అన్నిచోట్లా ఒప్పుకోరు, అడిగి తెలుసుకున్నాకే ఫీజు కట్టమను. "మాక్‌లో 7 వచ్చింది కాబట్టి రీ-మార్కింగ్‌కి పెట్టండి" అని మాత్రం నీ నోటివెంట రాకూడదు.

పేరెంట్స్ ఫోన్ చేసి "మా అమ్మాయికి ఎంత వస్తుందండీ" అని అడుగుతారు. ముందు ఆ అమ్మాయికి చెప్పాకే వాళ్ళకి చెప్పు. నువ్వు చెప్పిన అంకె మీద పొలం కాగితాలు బ్యాంకుకి వెళ్ళిపోతాయి, చిట్టీ. నిన్ను భయపెట్టడానికి అనడం లేదు. నీకు లెక్క తప్పని చేయి ఉంది, చిన్నప్పుడు చిట్టీల పుస్తకంలో మీ నాన్న కూడిక తప్పు పట్టుకున్నది నువ్వే.

ఈ ఆదివారం దిద్దేవాటిలో ఏవైనా మూడు టాస్క్ టూలు, పేర్లు కనపడకుండా కాగితం కప్పి, ఫోటో తీసి పంపు. ప్రశ్న కూడా కనపడాలి. నీ మార్కులు పంపకు. నేను విడిగా వేస్తాను, సాయంత్రం ఫోన్‌లో ఇద్దరం ఒకేసారి చదువుదాం. అర బ్యాండ్ తేడా అయితే వదిలేద్దాం, ఒక బ్యాండ్ తేడా వస్తే ఎవరు ఏ వాక్యం దగ్గర విడిపోయామో కూర్చుని చూద్దాం. కొత్త కళ్ళద్దాలు వచ్చాయి నాకు, ఫోటో కొంచెం దగ్గరగా తియ్యి చాలు.

నీ
పెద్దమ్మ