సెప్టెంబరులో తలూపితే డిసెంబరులో తెలుస్తుంది

మెదక్ సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) నుంచో, హైదరాబాదు, వికారాబాదు మెథడిస్టు సంఘాల నుంచో వచ్చినవాళ్లకు అమెరికాలో యునైటెడ్ మెథడిస్టు చర్చి పెద్దగా కొత్త అనిపించదు. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ పేరు చిన్నప్పటినుంచీ విన్నదే, పాటల రాగాలు సగం తెలిసినవే. ఆ చనువుతోనే సెప్టెంబరులో చర్చిలో ఎవరు ఏ సేవ అడిగినా చేస్తామని తలూపేస్తారు. మనకు 'చూస్తానండీ' అంటే మర్యాదగా కాదనడం. ఇక్కడ దాన్ని 'సరే' అని రాసుకుంటారు. కుదరకపోతే "ఈ సీజన్లో చెయ్యలేను, మార్చిలో అడగండి" అని మెసేజ్ పెట్టండి. ఎవరూ నొచ్చుకోరు. పాస్టరు అయ్యగారి మాట కాదంటే పాపమన్న భావన మనతో విమానమెక్కి వచ్చిందే.

శరదృతువులో చాలా సంఘాల్లో చార్జ్ కాన్ఫరెన్సు, అంటే సంఘం ఏడాదికోసారి పెట్టుకునే అధికారిక సమావేశం, జరుగుతుంది. దానికి ముందే నామినేషన్ల కమిటీ వచ్చే ఏడాదికి మనుషుల కోసం వెతుకుతుంది. చర్చి ఆస్తులు చూసే ట్రస్టీల్లోగానీ, పాస్టరు, సిబ్బంది సంగతులు చూసే స్టాఫ్-పారిష్ కమిటీలోగానీ చేరితే మామూలుగా మూడేళ్ల బాధ్యత. పైగా స్టాఫ్-పారిష్ కమిటీలో ఒకే ఇంట్లోవాళ్లు ఇద్దరు ఉండకూడదు. ఒప్పుకునే ముందు పని ఏ నెలతో ముగుస్తుందో, నెలకు ఎన్ని సాయంత్రాలు పోతాయో, మీరు రాలేని రోజు ఎవరు చూస్తారో అడగండి. మూడోదానికి జవాబు లేకపోతే ఆ పని మొత్తం మీ నెత్తిన పడుతుందని అర్థం. మొదటి ఏడాది ముగింపు తేదీ ఉన్న పని ఒక్కటే తీసుకోండి. అడ్వెంట్‌లో, అంటే క్రిస్మస్‌కు ముందొచ్చే నాలుగు ఆదివారాలు, ద్వారం దగ్గర స్వాగతం చెప్పడం లాంటిది చాలు.

వీసా సంగతి కూడా చూసుకోవాలి. జీతం లేని సేవకు మామూలుగా ఇబ్బంది లేదు. కానీ హెచ్-1బి మీద ఉండి క్వయిర్లో పాడినందుకో, కీబోర్డు వాయించినందుకో చెక్కు తీసుకుంటే అది మరో యజమాని దగ్గర పని చేసినట్టే. వర్క్ పర్మిట్ లేని హెచ్-4 (కుటుంబసభ్యుల వీసా) వాళ్లకూ అదే చిక్కు. మామూలుగా జీతమిచ్చి చేయించే పనిని ఉచితంగా చేసిపెట్టడం కూడా మంచిది కాదు.

పిల్లల గదిలో సేవకు బ్యాక్‌గ్రౌండ్ చెక్, పిల్లల భద్రత కోసం ఇచ్చే సేఫ్ శాంక్చురీస్ శిక్షణ అడుగుతారు. గదిలో ఒకరికొకరు బంధువులు కాని ఇద్దరు పెద్దలు ఉండాలన్న నియమం చాలాచోట్ల ఉంది. భార్యాభర్తలు కలిసి పేరిస్తే ఇద్దరూ ఒకరి కిందే లెక్క, మూడో మనిషి కావాల్సిందే. అందుకని ఆదివారాలు పంచుకోండి. ఈ వారం ఒకరు పని చేస్తే రెండోవారు పిల్లలతో బెంచీలో కూర్చుంటారు. ఇద్దరికీ ఒకే రోజు డ్యూటీ పడితే ఆరాధన అయ్యాక పిల్లలు హాల్లో అరగంట బిస్కెట్లు తింటూ గడుపుతారు, మధ్యాహ్నం భోజనం దగ్గర ఆ ఏడుపు మీకే.

డిసెంబరులో అసలు బరువు శనివారాల మీద పడుతుంది. చర్చి పిల్లల నాటకం రిహార్సల్, తెలుగు ఫెలోషిప్ (ఇక్కడి తెలుగు క్రైస్తవుల కూటం) క్రిస్మస్ ప్రాక్టీసు రెండూ ఆ రోజే పెడతారు. మీవాడికి ఒకదాంట్లో మాటలున్న వేషం ఇప్పించి, రెండోదాంట్లో గొర్రెపిల్లను చెయ్యండి. గొర్రెపిల్లకు రిహార్సల్ ఒక్కటి చాలు.

ఫెలోషిప్ వంట కూడా ఇంట్లో పెట్టుకోకండి. నూరుమందికి బిర్యానీ అంటే ఒక్క బియ్యమే పది పన్నెండు కిలోలు, ఇంటి పొయ్యి మీద రెండు మూడు వాయిలు. వండినవాళ్లు ఆరాధనలో కునికిపాట్లు పడతారు. బిర్యానీ ట్రేలు బయట చెప్పి, పెరుగుపచ్చడి, స్వీట్లు ఇంటింటికీ పంచితే సరిపోతుంది.

డిసెంబరు 24 సాయంత్రం పెద్ద చర్చిల్లో రెండు మూడు ఆరాధనలుంటాయి. పిల్లలకోసం పెందలాడే ఒకటి, రాత్రి పొద్దుపోయాక కొవ్వొత్తులతో మరొకటి. సేవ ఒకదానికే ఒప్పుకోండి, చిన్నపిల్లలుంటే మొదటిదానికే. 25న చాలా చర్చిలకు తాళం ఉంటుంది. కొత్త బట్టలు కట్టుకుని వెళ్లి తాళం చూసి వెనక్కి రాకండి. ఆ ఖాళీని వండటానికీ నిద్రపోవడానికీ ఉంచుకోండి. పాస్టరుగారు కూడా ఆ రోజు నిద్రే పోతుంటారు, ఫోన్ చెయ్యకండి.

ఇండియాలో ఇంటికి చేసే ఫోను ఈ సీజన్లో ఎందుకు తప్పిపోతుందో చాలామందికి తట్టదు. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారం గంట వెనక్కి తిరుగుతుంది. తూర్పు రాష్ట్రాల్లో ఆదివారం ఆరాధన ముగించుకుని పన్నెండున్నరకు చేస్తే వేసవిలో అక్కడ రాత్రి పది, చలికాలంలో పదకొండు. అమ్మానాన్నలు పడుకునుంటారు. శనివారం రాత్రి తొమ్మిదికి మార్చుకోండి. అక్కడ ఆదివారం ఉదయం ఏడున్నర, చర్చికి తయారయ్యే వేళ.

జాన్ వెస్లీ తల్లి సుసన్నా పిల్లలకు వారంలో తలా ఒక సాయంత్రం కేటాయించేది, జాన్‌ది గురువారం. ఇక్కడ చాలా క్వయిర్ల ప్రాక్టీసు బుధవారమో గురువారమో ఉంటుంది. పాడటానికి పేరిచ్చే ముందు మీ ఇంట్లో ఆ సాయంత్రం ఎవరిదో చూసుకోండి.

డిసెంబరు 31 రాత్రి కొత్త ఏడాది కోసం మేలుకుని చేసే వాచ్‌నైట్ ఇక్కడ అన్ని సంఘాల్లోనూ ఉండదు. కొన్నిచోట్ల జనవరి మొదటి ఆదివారం, దేవునితో నిబంధనను కొత్తగా చేసుకునే నిబంధన ఆరాధన జరుపుతారు. మీ ఊరి సంఘం వాచ్‌నైట్ ఆన్‌లైన్లో పెడితే అక్కడి అర్ధరాత్రి తూర్పు రాష్ట్రాల్లో మధ్యాహ్నం ఒకటిన్నర. అన్నాలు తింటూ చూసి, ఊళ్లోవాళ్లకు శుభాకాంక్షలు చెప్పి, పిల్లల్ని రాత్రి తొమ్మిదికే పడుకోబెట్టొచ్చు.