పెట్రోలియం ఎంఎస్ కోసం తోట అమ్మాలా, ఇల్లు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: కోనసీమలో ప్రభుత్వ హైస్కూల్ టీచర్‌ని. వయసు 58, రిటైర్మెంట్ 62కి. జీతం 98 వేలు చేతికి వస్తోంది, పింఛను 55 వేల దాకా రావచ్చు. అబ్బాయి కాకినాడలో పెట్రోలియం ఇంజినీరింగ్ చివరి సంవత్సరం. వచ్చే ఏడాది ఆగస్టుకి అమెరికా వెళ్లి అదే సబ్జెక్టులో ఎంఎస్ చేస్తానంటున్నాడు. రెండేళ్లకు 55 లక్షలు అవుతుందని కన్సల్టెన్సీ వాళ్లు లెక్క ఇచ్చారు. 12 లక్షల ఎఫ్‌డీలు, జీపీఎఫ్‌లో 18 లక్షలు, ఎకరం కొబ్బరితోట, సొంత ఇల్లు ఉన్నాయి. అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం. ఇల్లు తాకట్టు పెట్టి 40 లక్షల లోన్ తీసుకోమంటారా, అర ఎకరం అమ్మి లోన్ తగ్గించుకోమంటారా?

జవాబు: మాస్టారూ, ఆ రెండూ వద్దు. అబ్బాయిని అప్లై చేయనివ్వండి. కానీ ఎంత అప్పు తెస్తే మీరు తట్టుకోగలరో ముందు తేల్చుకుని, ఆ అంకెకు సరిపడే సీటు వస్తేనే పంపండి. సీటు వచ్చాక డబ్బు కోసం వెతకడం మొదలుపెడితే తోట అమ్మకం దాకా రావడం ఖాయం.

ముందు 40 లక్షల సంగతి. బ్యాంకు ఈ డబ్బు సెమిస్టర్‌కు 10 లక్షల చొప్పున నాలుగుసార్లు ఇస్తుందనుకుందాం, వడ్డీ 10 శాతం. చదువు రెండేళ్లు, ఆ తర్వాత ఒక ఏడాది ఈఎంఐ ఉండదు. ఈఎంఐ లేకపోయినా వడ్డీ ఆగదు. మూడేళ్లలో అది 9 లక్షలు అవుతుంది, అప్పు 49 లక్షలకు చేరుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 64,750 రూపాయలు. పదిహేనేళ్లు పెట్టుకున్నా 52,650. మీ పింఛను 55 వేలు! పైగా తేదీలు చూడండి. అబ్బాయి వెళ్లేనాటికి మీకు 59 వస్తాయి. మూడేళ్లు కలిపితే 62. మీ ఆఖరి జీతం, బ్యాంకుకు మొదటి ఈఎంఐ దాదాపు ఒకే వేళకు వస్తాయి.

'వాడికి ఉద్యోగం వస్తుంది, వాడే కడతాడు' అంటారు. వస్తే చక్కగా కడతాడు. ఇంజినీర్లలో పెట్రోలియం వాళ్లకు జీతాలు బాగానే ఉంటాయి. చిక్కేమిటంటే వీళ్ల ఉద్యోగాలు కాలేజీ పేరు కన్నా చమురు ధర మీద ఎక్కువ ఆధారపడతాయి. 2014 జూన్‌లో బ్రెంట్ ముడిచమురు బ్యారెల్ 110 డాలర్లపైన ఉంది. ఆ ధర చూసి ఆ ఏడాది ఎంఎస్‌లో చేరినవాళ్లు 2016లో బయటికి వచ్చారు. ఆ జనవరిలో ధర 30 డాలర్ల లోపుకి పడింది, కంపెనీలు ఉన్నవాళ్లనే తీసేస్తున్నాయి. 2020 ఏప్రిల్ 20న అయితే అమెరికా చమురు ఫ్యూచర్స్ (ముందస్తు కొనుగోలు ఒప్పందాలు) మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిశాయి. 2022లో మళ్లీ 100 దాటింది. మీ అబ్బాయి పట్టా అందుకునే నాటికి ధర ఎక్కడుంటుందో చెప్పగలవాళ్లెవరూ లేరు. ఈఎంఐకి ఆ లెక్కలతో పనిలేదు.

అమెరికాలో ఇంకో గడియారం కూడా నడుస్తుంటుంది. చదువు అయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో పనిచేసే అనుమతి) కింద 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) సబ్జెక్టు కాబట్టి మరో 24 నెలలు ఉద్యోగం చేయొచ్చు. కానీ మొదటి ఏడాది ఓపీటీలో మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. ధర పడిన ఏడాదిలో బయటికి వచ్చిన కుర్రాడికి ఆ మూడు నెలలు చాలా చిన్నవి. ఆ తర్వాత హెచ్1బీ (ఉద్యోగ వీసా) ఉండనే ఉంది. 2025 సెప్టెంబరులో కొత్త పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటించారు. అక్కడే చదివి స్టేటస్ మార్చుకునేవాళ్లకు అది వర్తించదని తర్వాత వివరణ ఇచ్చారు గానీ, ఉద్యోగం పోయి ఇండియా వచ్చేసి మళ్లీ వెళ్లాలనుకునేవాళ్లకు అదో పెద్ద గోడ.

అందుకే నేను లెక్క అటునుంచి మొదలుపెడతాను. అబ్బాయికి రెండేళ్లపాటు ఉద్యోగం లేదనుకోండి. మీ పింఛనులోంచి నెలకు ఎంత తీస్తే ఇల్లు గడుస్తుంది, అమ్మాయి ఖర్చులు ఆగకుండా ఉంటాయి? నా అంచనా 20 నుంచి 22 వేలు. దాన్నిబట్టి చూస్తే మీ హద్దు 20 లక్షల అప్పు. చదువు కాలంలోనూ, తర్వాతి ఏడాదీ వడ్డీ మీరు జీతంలోంచి కట్టేస్తే అసలు 20 లక్షల దగ్గరే ఉంటుంది, పదిహేనేళ్లకు ఈఎంఐ 21,500 దాకా వస్తుంది. ఆ వడ్డీ కూడా ఒకేసారి మీద పడదు. మొదటి సెమిస్టర్‌లో నెలకు 4 వేల పైన, డబ్బంతా విడుదలయ్యాక 16,700. ఇలా కట్టేవాళ్లకు కొన్ని బ్యాంకులు వడ్డీ రేటులో కాస్త తగ్గింపు కూడా ఇస్తాయి, అడగండి. అబ్బాయికి మంచి ఉద్యోగం వస్తే మూడు నాలుగేళ్లలోనే తీర్చేస్తాడు. అదీ మంచిదే.

20 లక్షల అప్పు, 12 లక్షల ఎఫ్‌డీలు కలిపితే 32 లక్షలు. కన్సల్టెన్సీ చెప్పింది 55. మధ్యలో 23 లక్షల తేడా ఉంది. దీన్ని తోట అమ్మి పూడ్చకూడదు. ఎక్కడ అప్లై చేస్తున్నాడన్న దాంతో పూడ్చాలి. నేను ఎక్కువసేపు చెప్పాలనుకున్నది ఇదే.

టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో బయటివాళ్లకు ఒక ఫీజు, ఆ రాష్ట్రం వాళ్లకు ఒక ఫీజు. అయితే పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1,000 డాలర్లు వస్తే, బయటి విద్యార్థికి కూడా స్థానిక ఫీజే వేయడానికి అక్కడి చట్టం వీలిస్తుంది. 1,000 డాలర్లే కదా అని తీసిపారేయకండి. 30 క్రెడిట్ల కోర్సులో ఫీజు తేడాయే పది లక్షల రూపాయలు దాటవచ్చు. సగం పూట టీచింగ్ లేదా రీసెర్చ్ అసిస్టెంట్‌గా తీసుకుంటే కూడా ఈ వెసులుబాటు ఉంది, పైగా నెలనెలా స్టైపెండ్ వస్తుంది. టెక్సాస్ ఏ అండ్ ఎం, ఆస్టిన్, హ్యూస్టన్, లబ్బక్‌లోని టెక్సాస్ టెక్, అన్నిటిలో పెట్రోలియం విభాగాలున్నాయి. ఓక్లహామాలోని తుల్సా ప్రైవేటు యూనివర్సిటీ, ఫీజు ఎక్కువ. కానీ కంపెనీల డబ్బుతో నడిచే పరిశోధన కన్సార్షియంలు (ఉమ్మడి పరిశోధన బృందాలు) అక్కడ ఉన్నాయి, వాటిలో విద్యార్థులను తీసుకుంటారు.

ఈ డబ్బు ఎక్కువగా థీసిస్ రాసే ఎంఎస్ వాళ్లకు, పీహెచ్‌డీ వాళ్లకు వెళ్తుంది. థీసిస్ లేని ఎం.ఇంజినీరింగ్ కోర్సులో సీటు తేలిగ్గా రావచ్చు, సాయం మాత్రం అరుదు. కన్సల్టెన్సీ వాళ్లు పది యూనివర్సిటీల పేర్లు ఇస్తే, వాటిలో థీసిస్ కోర్సులెన్నో అబ్బాయిని చూడమనండి. ఒక్కో దరఖాస్తు ఫీజు, స్కోర్లు పంపే ఖర్చు కలిపితే పది చోట్లకు లక్ష రూపాయల దగ్గరికి పోతుంది. ఆరు చోట్లకు పంపి, ఆ ఆరింటిలో ప్రొఫెసర్లు ఏం పని చేస్తున్నారో చదివి, ముందుగా ఈమెయిల్ రాయడం మేలు. సాయం కోసం పరిగణించే దరఖాస్తులకు గడువు మామూలుగా డిసెంబరు, జనవరిల్లోనే అయిపోతుంది. ఇంకో మాట, కన్సల్టెన్సీల్లో చాలావాటికి కమిషన్ యూనివర్సిటీ నుంచే వస్తుంది. కమిషన్ ఇవ్వని యూనివర్సిటీ పేరు వాళ్ల నోటి వెంట రాదు.

ఫీజు తగ్గింపు ఒక్కటే వచ్చిందనుకోండి, 55 కాస్తా 44 దాకా దిగుతుంది. ఇంకా 12 తక్కువే. మూడు సెమిస్టర్లలో కోర్సు ముగిస్తే ఉండే ఖర్చు కొంత మిగులుతుంది, అయినా చాలదు. అంటే అసిస్టెంట్‌షిప్ కూడా ఉండాలి. అది లేని ఆఫర్‌కు వద్దని చెప్పాలి. కష్టంగా ఉంటుంది, తెలుసు.

ఒక ఏడాది చదువే కదా అని స్కాట్లండ్ మాట కూడా వస్తుంది. హెరియట్-వాట్, అబర్డీన్ ఈ సబ్జెక్టులో పేరున్నవే. కానీ నార్త్ సీ చమురు లాభాల మీద బ్రిటన్ మొత్తం 78 శాతం పన్ను వేస్తోంది. అంత పన్ను ఉన్నచోట కొత్త ఉద్యోగాలు పెరుగుతాయని ఆశించలేం. చదువు తర్వాత ఉండనిచ్చే గ్రాడ్యుయేట్ వీసాను కూడా 2027 జనవరి నుంచి రెండేళ్ల బదులు 18 నెలలకు కుదిస్తున్నారు. ఒకప్పుడు ఫీజు లేని నార్వేలోనూ 2023 నుంచి మనవాళ్లు ఫీజు కట్టాల్సిందే.

ఇక్కడి దారి మీ ప్రశ్నలో లేదు, అబ్బాయి చెప్పలేదేమో. ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో పెట్రోలియం ఇంజినీరింగ్ పేపర్ ఉంది. ధన్‌బాద్ ఐఐటీ, మద్రాస్ ఐఐటీల్లో ఎంటెక్ ఉంది. గేట్ మీద చేరినవాళ్లకు నెలకు 12,400 స్టైపెండ్. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, కాబట్టి అమెరికాకు అప్లై చేస్తూనే గేట్ రాయొచ్చు. లేదా రెండేళ్లు రిగ్గు మీద పనిచేసి అప్పుడు ఎంఎస్‌కు వెళ్లొచ్చు. మీకు రాజమండ్రి ఓఎన్‌జీసీ, గాడిమొగ గ్యాస్ టెర్మినల్, రవ్వ చమురు క్షేత్రం అన్నీ దగ్గరే. ఫీల్డ్ అనుభవం ఉన్న కుర్రాడిని ప్రొఫెసర్లూ, కంపెనీలూ వేరేగా చూస్తారు. అప్పటికి వాడి సొంత డబ్బు కూడా కొంత ఉంటుంది.

జీపీఎఫ్ ముట్టుకోకండి. అది మీ రిటైర్మెంట్‌కూ, అమ్మాయికీ. 7.1 శాతం వచ్చేది తీసి 10 శాతం అప్పు తగ్గిస్తే లాభమే కదా అని మీకు అనిపించవచ్చు. కాగితం మీద నిజమే. కానీ 62 దాటాక అత్యవసరమైతే చదువుకు లోన్ ఇచ్చినట్టు మీకు ఎవరూ ఇవ్వరు.

మిగతావి చిన్నవి. పాత పన్ను విధానంలో ఉంటే చదువు లోన్ వడ్డీకి ఆదాయపు పన్నులో పరిమితి లేకుండా మినహాయింపు ఉంది, ఎనిమిదేళ్ల దాకా. రుణపత్రంలో మీ పేరు కూడా ఉండి, వడ్డీ మీ ఖాతాలోంచి పోవాలి. సొంత డబ్బు విదేశాలకు పంపితే ఏడాదికి 10 లక్షల దాకా టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) లేదు. కాబట్టి ఎఫ్‌డీల సొమ్ము రెండు ఆర్థిక సంవత్సరాల్లో పంపండి. బ్యాంకు లోన్ నుంచి పోయే ఫీజుకు టీసీఎస్ ఉండదు. అబ్బాయి పేరున 20 లక్షలకు టర్మ్ పాలసీ తీసుకోండి, ఆ వయసులో ప్రీమియం తక్కువే. డాలర్ 2014లో 60 రూపాయల దగ్గర ఉండేది, 2025 చివరికి 90 తాకింది. రెండో ఏడాది ఫీజును ఇవాళ్టి రేటుతో లెక్కేయకుండా ఐదారు శాతం కలిపి చూసుకోండి.

వీసా కోసం ఖాతాలో డబ్బు చూపిస్తాం, కొంత ఫీజు ఇస్తే చాలని ఎవరైనా అంటే వెంటనే బయటికి వచ్చేయండి. దొరికితే పోయేది వాడి వీసా ఒక్కటే కాదు, మళ్లీ అప్లై చేసుకునే అవకాశం కూడా.

ఈ వారం చదువు లోన్ల విద్యాలక్ష్మి పోర్టల్‌లో అప్లికేషన్ పెట్టి, మీ జీతం ఖాతా ఉన్న బ్యాంకులో 20 లక్షలకు ఇల్లు అడగకుండా ఇస్తారో లేదో కనుక్కోండి. పేరున్న యూనివర్సిటీల జాబితా పెట్టుకుని తాకట్టు లేకుండా ఇచ్చే బ్యాంకులున్నాయి. ఆ జాబితాను అబ్బాయి ఎంచుకున్న ఆరింటితో సరిచూసి, రెండూ నాకు పంపండి.