బదిలీ వేరు, టైమింగ్స్ వేరు

ప్రశ్న: మాది గుంటూరు, కొరిటెపాడు. మా అమ్మాయి బీకాం చేసి, ఏడాది ఎనిమిది నెలలుగా లక్ష్మీపురంలో ఒక ప్రైవేటు డయాగ్నస్టిక్ సంస్థ బ్రాంచిలో అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్‌గా చేస్తోంది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరు దాకా డ్యూటీ. అది అయ్యాక బ్రాడీపేటలో సీఎంఏ (కాస్ట్ అకౌంటెన్సీ కోర్సు) ఇంటర్ క్లాసుకి వెళ్తుంది. మొన్న వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. వచ్చే ఒకటో తారీఖు నుంచి విజయవాడ ఆటోనగర్ బ్రాంచికి వెళ్లాలట, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి పది దాకా. జీతం అదే. ఇంకా పది రోజులు కూడా లేదు. అడిగితే మేనేజరు, ‘ఇష్టం లేకపోతే పేపర్లు పెట్టెయ్’ అన్నాడు. వాళ్లమ్మ మానేయమంటోంది. నేను రిటైరైన స్కూల్ అసిస్టెంటుని. మా బదిలీలకి పాయింట్లు, వెబ్ ఆప్షన్లు, స్పౌజ్ కేటగిరీ అన్నీ ఉండేవి. ప్రైవేటులో ఏ రూలూ ఉండదా?

జవాబు:

మాస్టారూ, ఈ వారంలో మాత్రం అమ్మాయి చేత రాజీనామా రాయించకండి. అలాగని ‘వెళ్లం, ఏం చేస్తారో చూద్దాం’ అని ఇంట్లోనూ కూర్చోబెట్టకండి. ఈ రెంటిలో ఏది చేసినా కంపెనీకే కలిసొస్తుంది. రాజీనామా ఇస్తే తనంతట తనే వెళ్లిపోయిందంటారు. రాకపోతే ‘అబ్‌స్కాండింగ్’, అంటే చెప్పకుండా మానేసిందని ఫైల్లో రాసుకుంటారు.

రెండో తప్పు నేను చేసినవాణ్ణే. పాతికేళ్ల కిందట గవర్నరుపేటలో ఒక ఫైనాన్స్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఒకరోజు ఫోన్లో శ్రీకాకుళం వెళ్లమన్నారు. రోషం వచ్చి, తాళాలు టేబుల్ మీద పడేసి ఇంటికొచ్చేశాను. చుట్టాలంతా భేష్ అన్నారు. మూడు నెలల తర్వాత కొత్త చోట రిలీవింగ్ లెటర్ అడిగేదాకా అసలు సంగతి తెలియలేదు. నేను ఖాళీ చేసిన అద్దె ఇంటికి రెండు రిజిస్టర్డ్ పోస్టులు పంపి, అవి తిరిగొచ్చాక ‘డ్యూటీకి హాజరు కాలేదు’ అని ఫైలు మూసేశారు. నాలుగేళ్ల అనుభవం కాగితం మీద లేకుండా పోయింది.

ఇక మీ ప్రశ్న. రూల్స్ ఉన్నాయి. కాకపోతే మీ అమ్మాయికి వచ్చిన ఆ ఒక్క మెసేజ్‌లో రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఊరు మార్చడం ఒకటి, గంటలు మార్చడం ఒకటి. చట్టం ఈ రెంటినీ ఒకే కంటితో చూడదు. మొదటిదానిలో కంపెనీ చెయ్యి పైన, రెండోదానిలో మీ అమ్మాయి చెయ్యి పైన. చాలామంది ఈ తేడా చూడక, గెలవలేని బదిలీ మీద పోట్లాడి, గెలవగలిగిన టైమింగ్స్‌ని వదిలేస్తారు.

ముందు బదిలీ. ఆమె అపాయింట్‌మెంట్ లెటర్ తీయండి. చేరేరోజు అందరూ జీతం అంకె ఉన్న పేజీ చూసి సంతకం పెట్టేస్తారు, ఆ తర్వాత పేజీలు తిప్పేవాళ్లు తక్కువ. అక్కడ ఎక్కడో ‘సంస్థ అవసరాలను బట్టి దేశంలోని ఏ శాఖకైనా బదిలీ చేయవచ్చు’ అన్న వాక్యం ఉంటుంది. అది ఉంటే ఆటోనగర్ పంపే అధికారం వాళ్లకి చాలావరకు ఉన్నట్టే. గుజరాత్ ఎలక్ట్రిసిటీ బోర్డు కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. బదిలీ అయ్యే ఉద్యోగంలో ఉన్నవాళ్లు అభ్యంతరం ఉంటే అర్జీ పెట్టుకోవచ్చు గానీ, అర్జీ పెండింగులో ఉందని కొత్త చోట చేరకుండా ఉండడానికి వీల్లేదు. అది ప్రభుత్వ రంగ సంస్థ కేసే. అయినా ప్రైవేటు హెచ్‌ఆర్‌లు వినిపించే వాదనా అదే.

ఆ వాక్యం లేకపోతే కథ మారుతుంది. కుందన్ షుగర్ మిల్స్ కేసని ఒకటుంది, 1960 నాటిది. ఉత్తరప్రదేశ్‌లో అమ్రోహా మిల్లులో చేరిన కార్మికులు నలుగురు. వాళ్లు చేరేనాటికి యజమానికి ఉన్నది ఆ ఒక్క మిల్లే. తర్వాత బులంద్‌షహర్‌లో ఇంకోటి పెట్టి, అక్కడికి వెళ్లమన్నాడు. వాళ్లు వెళ్లలేదు, తీసేశాడు. ఒప్పందంలో లేని బదిలీ హక్కు యజమానికి దానంతటదే పుట్టుకురాదని సుప్రీంకోర్టు కార్మికుల వైపే తీర్పిచ్చింది. మీకు ఇందులో పనికొచ్చే ముక్క ఏమిటంటే, ఆటోనగర్ బ్రాంచి అదే కంపెనీదా, లేక వాళ్ల వాళ్లెవరో వేరే పేరుతో నడిపేదా అన్నది కనుక్కోవడం. బోర్డు మీద పేరు ఒకటే ఉంటుంది, జీతం స్లిప్పు మీద కంపెనీ పేరు వేరేగా ఉంటుంది. అక్కడ పనిచేసే ఎవరి పేస్లిప్పయినా ఒకసారి చూడమనండి.

కక్షతో చేసే బదిలీ సంగతి వేరు. పద్ధతి ముసుగులో దురుద్దేశంతో బదిలీ చేయడం అన్యాయమైన కార్మిక విధానమని పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ ఉంది, ఇప్పటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. కానీ ‘ఆ మేనేజరుకి మా అమ్మాయంటే పడదు’ అన్నది చాలదు. పీఎఫ్ కట్టలేదని అడిగిన మెయిలో, ఎవరిమీదో ఇచ్చిన ఫిర్యాదో ఉండి, దాని తర్వాత వారానికే ఈ మెసేజ్ వచ్చిందంటే అప్పుడు ఆ మాటకి బలం. మీరు రాసినదాంట్లో అలాంటిది కనబడలేదు.

ఇప్పుడు గంటల సంగతి. మీ కేసులో పట్టు ఇక్కడే ఉంది.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లూ అమల్లోకి వచ్చాయి. వాటిలో పారిశ్రామిక సంబంధాల కోడ్ 40వ సెక్షను ప్రకారం, పని గంటలు, విశ్రాంతి వేళలు, షిఫ్టుల్లాంటి కొన్ని సర్వీసు షరతులు మార్చాలంటే యజమాని ముందు నోటీసివ్వాలి. ఇచ్చాక 21 రోజులు గడిచేదాకా మార్చకూడదు. ఇది కొత్తగా వచ్చిందేమీ కాదు, 1947 నాటి పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో 9ఎ సెక్షను కింద ఉన్నదే. మీకు పదిరోజులైనా ఇవ్వలేదు, పైగా అది వాట్సాప్ మెసేజ్. అయితే అపాయింట్‌మెంట్ లెటర్‌లో ‘ఏ షిఫ్టులోనైనా పనిచేయాలి’ అని ఉంటే కంపెనీ దాన్ని పట్టుకుంటుంది, అప్పుడు మీ వాదన కొంత పలచబడుతుంది. అందుకే ఆ లెటర్ మొత్తం చదవమంటున్నాను.

‘ఎగ్జిక్యూటివ్‌ కదా, లేబర్ చట్టాలు వర్తించవు’ అని హెచ్‌ఆర్ అనొచ్చు. కార్డు మీద ఏం రాసుందన్నది కాదు, చేతులతో ఏం చేస్తోందన్నదే కోర్టులు చూస్తాయి. బిల్లులు ఎంట్రీ చేసి, క్యాష్ టాలీ చేసే గుమాస్తా పని చేసేవాళ్లు కోడ్ ప్రకారం వర్కర్లే. నెలకి 18,000 దాటితే వర్కరు కాదన్న జీతం గీత సూపర్‌వైజర్లకి సంబంధించింది, ఆమెకి కాదు.

రాత్రి పది అన్నారు కదా, అది ఇంకో పట్టు. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థలకి వర్తించే భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో 43వ సెక్షను ఒకటుంది. సాయంత్రం ఏడు తర్వాత, పొద్దున ఆరుకి ముందు ఆడవాళ్ల చేత పనిచేయించాలంటే ఆమె సమ్మతి కావాలి, భద్రత షరతులు పాటించాలి. ఆమె ఒప్పుకుంటేనే గానీ మేనేజరు ఆజ్ఞతో సరిపోదు. ఆటోనగర్‌లో పదింటికి షట్టరు దించి, బెంజిసర్కిల్ మీదుగా నెహ్రూ బస్టాండుకి చేరి, గుంటూరు బస్సెక్కి, దిగాక కొరిటెపాడు దాకా ఆటో పట్టుకునేసరికి ఎంతవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ ప్రయాణం సంగతి కంపెనీకి రాతలో తెలియాలి.

ఇక్కడ ఒక్కటి అడగండి. ఆ వాట్సాప్ మెసేజ్ కింద అమ్మాయి ‘ఓకే సర్’ అని గానీ, బొటనవేలు బొమ్మ గానీ పెట్టిందా? పిల్లలకి అదో అలవాటు, చదివానని చెప్పడానికి పెడతారు. రేపు దాన్నే సమ్మతి అంటారు. పెట్టి ఉంటే, మెసేజ్ అందిందని చెప్పడానికే పెట్టాను గానీ ఒప్పుకున్నట్టు కాదని ఈరోజే మెయిల్ చేయాలి.

మొత్తం గంటలు కూడా లెక్కేయండి. ఒంటిగంట నుంచి పది అంటే తొమ్మిది గంటలు, వారానికి ఆరు రోజులంటే 54. రోజూ గంటసేపు విశ్రాంతి నిజంగా ఇస్తే 48, సరిగ్గా వారం పరిమితి దగ్గరే ఆగుతుంది. క్యాష్ క్లోజింగ్‌లో వంద రూపాయలు తేడా వచ్చి పదిన్నర దాకా ఉంచితే ఆ అరగంట ఓవర్‌టైమే, దానికి మామూలు రేటుకి రెట్టింపివ్వాలి. చేరితే మొదటిరోజు నుంచి వచ్చిన టైమూ వెళ్లిన టైమూ ఒక నోటుబుక్కులో రాసుకోమనండి.

ఇక రాయాల్సిన మెయిల్. కోపం వద్దు, లాయరు భాషా వద్దు. నేనైతే ఇలా రాయిస్తాను:

‘ఫలానా తారీఖున వాట్సాప్‌లో పంపిన బదిలీ సమాచారం అందింది. దయచేసి సంతకంతో బదిలీ ఉత్తర్వు ఇప్పించగలరు. ఉత్తర్వు అందాక, నా హక్కులకు భంగం లేకుండా, ఆటోనగర్ బ్రాంచిలో రిపోర్ట్ చేస్తాను. పని వేళల మార్పుకి నాకు 21 రోజుల నోటీసు అందలేదు. సాయంత్రం ఏడు తర్వాత పనిచేయడానికి నేను సమ్మతించడం లేదు. నేను గుంటూరు నుంచి రోజూ వచ్చి వెళ్లాలి, సాయంత్రం సీఎంఏ క్లాసులున్నాయి. ఇప్పటి వేళల్లోనే, అంటే తొమ్మిదిన్నర నుంచి ఆరు దాకా, అక్కడ పనిచేయడానికి అవకాశమివ్వగలరు.’

ఇందులో ‘నా హక్కులకు భంగం లేకుండా’ అన్న నాలుగు మాటలు తీసేయకండి. చేరినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదని చెప్పేది అవే. ‘ఆటోనగర్ వస్తాను, పగలు చేస్తాను’ అన్న బేరం సగం కంపెనీల్లో ఇక్కడే తెగుతుంది. వాళ్లకి కావలసింది అక్కడో మనిషి, రాత్రి కౌంటరుకి దగ్గర్లో ఉండే ఇంకొకరిని పెట్టుకుంటారు. సంస్థలో ఇరవైమంది, అంతకు మించి వర్కర్లుంటే ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండి తీరాలి, కాపీ వాళ్లకీ పెట్టమనండి.

జవాబు రాకపోతే ఒకటో తారీఖున ఆటోనగర్ వెళ్లాలి. హాజరు పడాలి. ఏడు తర్వాత ఉండాలా వద్దా అన్నచోట మాత్రం చట్టంకన్నా మీ అమ్మాయి క్షేమమే నాకు ముఖ్యం. బండి ఏర్పాటు లేకుండా నేనైతే ఉండమనను. ఏడింటికి ‘నా మెయిల్ ప్రకారం బయల్దేరుతున్నాను’ అని ఇంకో మెయిల్ పెట్టి రావాలి. మర్నాడు గుంటూరులో కార్మిక శాఖ కార్యాలయానికి మీరిద్దరూ కలిసి వెళ్లండి. అక్కడ రాజీ కోసం యజమానిని పిలిపిస్తారు. లాయరు ఖర్చు అని భయపడొద్దు. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లందరికీ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరునిస్తుంది, ఫోన్ 15100.

తీసేస్తే? ఆరు నెలలు దాటింది కాబట్టి సరైన కారణం లేకుండా తీయడానికి లేదు. మన రాష్ట్ర దుకాణాలు, సంస్థల చట్టం 1988 ప్రకారం నెల నోటీసో, నెల జీతమో ఇవ్వాలి. ఏడాది నిండింది కాబట్టి ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారమూ ఇవ్వాలి. తీసేసినా, తనే మానేసినా, రావలసిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలని వేతనాల కోడ్ చెబుతోంది. ‘ఫుల్ అండ్ ఫైనల్ (చివరి లెక్క) నలభై ఐదు రోజులు’ అన్న పాత పాట వింటే ఈ మాట గుర్తుచేయండి.

చట్టం ఇక్కడికి చాలు. కెరీర్ సంగతి అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఆటోనగర్‌లో ఆమె చేతికి ఏ పని వస్తుందో ఎవరైనా అడిగారా? సప్లయర్ల బిల్లులు, జీఎస్టీ రిటర్నులు, స్టాకు లెక్కలు అయితే ఆర్నెల్లు కష్టపడినా దండగ కాదు, సీఎంఏలో చదివేది కళ్లముందు కనిపిస్తుంది. రాత్రి కౌంటరు క్యాష్ క్లోజింగ్ ఒక్కటే అయితే అది ముందుకి తీసుకెళ్లే మెట్టు కాదు, ఎంత హక్కులతో గెలిచినా సరే. అప్పుడు వెతుకులాట ఇప్పుడే మొదలుపెట్టాలి, ఉద్యోగంలో ఉంటూనే. ఇంకో నాలుగు నెలలు గడిస్తే రెండేళ్ల అనుభవం, రెజ్యూమెలో ఆ అంకెకి విలువుంది. వెళ్లాల్సివస్తే అప్పుడు, తను ఎంచుకున్న తారీఖున, రిలీవింగ్ లెటర్ చేతిలో పెట్టుకుని వెళ్లాలి. సీఎంఏ ఇంటర్ పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో రెండుసార్లూ ఉంటాయి. రెండు గ్రూపులూ ఒకేసారి రాయాలని పట్టుదలకి పోకుండా ఒక గ్రూపే పెట్టుకోమనండి. నాలుగు పేపర్లు తగ్గితే ఈ గొడవ మధ్య కాస్త ఊపిరి ఆడుతుంది.

వాళ్లమ్మగారి భయం మాత్రం నాకు అర్థమవుతుంది, ఆవిడ అంటున్నది ఉద్యోగం గురించి కాదు, రాత్రి పదింటి గురించి. ఆ మెయిల్ ఆవిడకి కూడా చదివి వినిపించండి.

మెయిల్ పంపేటప్పుడు అమ్మాయి సొంత జీమెయిల్‌కి కాపీ పెట్టుకోవాలి. గొడవ ముదిరితే ముందు తీసేది ఆఫీసు లాగినే. ఆ వాట్సాప్ మెసేజ్ తారీఖుతో సహా స్క్రీన్‌షాట్ తీసి మీ ఫోన్లో కూడా ఉంచండి. తర్వాత అపాయింట్‌మెంట్ లెటర్‌లో బదిలీ వాక్యం ఉన్న పేజీ ఫోటో తీసి నాకు పంపండి. అందులో ‘గ్రూపు సంస్థలు’ అన్న మాట ఉందో లేదో చూడాలి. ఉంటే పైన చెప్పిన చక్కెర మిల్లు కేసు మీకు పెద్దగా ఆసరా ఇవ్వదు, మెయిల్‌లో ఇంకో వాక్యం కలపాల్సి వస్తుంది.