వెండి నీళ్లు రోజుకు ఎంత తాగొచ్చు?

ప్రశ్న: మావారి వయసు 58, బరువు 68 కిలోలు. థైరాయిడ్‌కు రోజూ మాత్ర వేసుకుంటారు. చలికాలం వస్తే జలుబు, దగ్గు వదలవు. యూట్యూబ్‌లో చూసి రెండు వెండి కడ్డీలు, 9 వోల్టుల బ్యాటరీ పెట్టి ఇంట్లోనే కొల్లాయిడల్ సిల్వర్ (సన్నని వెండి రేణువులు కలిసిన నీళ్లు) తయారు చేస్తున్నారు. మూడు నెలలుగా పొద్దున మాత్రతో పాటు 30 మి.లీ., రాత్రి ఇంకో 30 మి.లీ. తాగుతున్నారు. టీడీఎస్ మీటర్‌లో 10 వచ్చింది, 10 పీపీఎం అయితే భయం లేదంటారు. నిజమేనా? నన్నూ తాగమంటున్నారు.
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీవారు చెప్పిన అంకెతోనే లెక్క వేద్దామమ్మా. 10 పీపీఎం అంటే మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల వెండి. రోజుకు 60 మి.లీ. అంటే 600 మైక్రోగ్రాములు. అమెరికా పర్యావరణ సంస్థ పెట్టిన హద్దు, కిలో బరువుకు రోజుకు 5 మైక్రోగ్రాములు. 68 కిలోల మనిషికి 340. తిండిలో, నీళ్లలో వచ్చే వెండి కూడా అందులోనే. ఆయన ఇప్పటికే దాదాపు రెట్టింపు తాగుతున్నారు.

పోనీ సగం తాగితే? ఆ 340 మందు మోతాదు కాదు, చర్మం రంగు మారకుండా ఉండటానికి గీసిన గీత. జలుబుకు ఇంత వెండి పనిచేస్తుందని చెప్పే మోతాదంటూ ఏదీ లేదు. కాలిన గాయాల మీద సిల్వర్ సల్ఫాడయాజీన్ క్రీమ్ మేమూ రాస్తాం, అది పైపూత. తాగే వెండి సురక్షితమనీ పనిచేస్తుందనీ చెప్పడానికి ఆధారం లేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1999లోనే తేల్చింది.

అసలు ఆ 10 కూడా నమ్మలేం. టీడీఎస్ మీటర్ చూసేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందన్నదే. వెండి రేణువులు దానికి సరిగా అందవు, నీళ్లలో ముందే ఉన్న లవణాలు మాత్రం లెక్కలోకి వస్తాయి. ఇవాళ్టి సీసా, రేపటి సీసా ఒకలా ఉండవు.

చిన్నప్పుడు వెండి ఉగ్గుగిన్నెతో తాగినవాళ్లమే కదా అని ఆయన అడగొచ్చు. గిన్నె నుంచి పాలలోకి కరిగేది అతి స్వల్పం. బ్యాటరీ పెట్టి వెండిని నీళ్లలోకి దింపడం వేరే సంగతి. అలా చేరిన వెండి చర్మంలో పేరుకుని, ఎండ తగిలినకొద్దీ నల్లబడుతుంది, పాత ఫొటో ఫిల్ములో జరిగినట్టే. ఒళ్లు నీలం కలిసిన బూడిదరంగుకు తిరుగుతుంది. దీన్నే ఆర్జీరియా అంటారు. 2002లో అమెరికా సెనేట్‌కు పోటీ చేసిన మోంటానా నాయకుడు స్టాన్ జోన్స్‌కు ఇంట్లో చేసుకున్న వెండి నీళ్లతోనే ఇలా అయింది. తాగడం మానేసినా ఆ రంగు మామూలుగా పోదు. లేజర్‌తో కొందరిలో తగ్గుతుంది, అందరిలో కాదు.

ఇవాళే మాన్పించండి. పగటి వెలుతురులో ఆయన గోళ్ల మొదట్లోని తెల్లని చంద్రవంకలు చూడండి, పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. నీలంగా, బూడిదగా కనిపిస్తే చర్మవైద్యుణ్ని కలవండి. వెండిని లాగేస్తామనే డీటాక్స్ పొడుల జోలికి వెళ్లొద్దు. మిగిలిన నీళ్లు ముక్కులో చుక్కలుగా గానీ, నెబ్యులైజర్‌లో గానీ వాడొద్దు. మీరు మాత్రం మొదలుపెట్టకండి.

నాకు ఎక్కువ అనుమానం థైరాయిడ్ మాత్ర మీద. వెండి దాన్ని ఒంటికి సరిగా పట్టనివ్వకపోవచ్చు, ఆయనేమో రెండూ కలిపి మింగుతున్నారు. ఇప్పుడొకసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) చేయించండి, మానేశాక ఆరు వారాలకు మళ్లీ చేయించండి. ఈలోగా మాత్ర మోతాదు మీరే మార్చొద్దు. ఏటా వదలని దగ్గుకు ఊపిరితిత్తుల పరీక్ష కావాలి. ఆయన సిగరెట్ తాగుతారో లేదో మీరు రాయలేదు, అది డాక్టరుకు దాచకుండా చెప్పండి.