మలేషియాలో హోటల్‌కి వెళ్తే గ్రేవీ సంగతి అడగండి

ప్రశ్న: మావారి ఉద్యోగం కోసం ఈ మధ్యే కౌలాలంపూర్ వచ్చాం. నేను శాకాహారిని. ఆయన మాంసం తింటారు గానీ బీఫ్ ముట్టరు. బయట తినాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: భయపడకండమ్మా, ఈ ఊళ్ళో మీ ఇద్దరికీ బోలెడు తిండి ఉంది. కాకపోతే ఇక్కడ ముక్కను చూస్తే సరిపోదు, గ్రేవీ ఏమిటో అడగాలి.

ముందు మీవారి సంగతి. తమిళ ముస్లింలు నడిపే మామక్ హోటళ్ళు వీధి వీధికీ ఉంటాయి, చాలావరకు అర్ధరాత్రి దాటినా తెరిచే ఉంటాయి. అక్కడ నాసి కందార్ అడిగితే ప్లేట్లో అన్నం పెట్టి, మీరు చూపించిన కోడి ముక్క వేస్తారు. ఆ వెంటనే నాలుగైదు గిన్నెల్లోంచి తలా ఓ గరిటె గ్రేవీ అన్నం మీద పోసేస్తారు. కోడి, చేప, బీఫ్ అన్నీ కలిసిపోతాయి. ఆ కలగలుపు కోసమే జనం క్యూ కడతారు. అందుకని గరిటె లేవకముందే "కువా ఆయామ్ సాజా" అనాలి, కోడి గ్రేవీ ఒక్కటే అని. "దాగింగ్" అని రాసి ఉంటే చాలాసార్లు బీఫే అనుకోండి. మేక మాంసానికి "కాంబింగ్" అంటారు.

ఇక మీ విషయం. "వెజిటేరియన్" అంటే కొన్నిచోట్ల మాంసం ముక్క లేకపోతే చాలనుకుంటారు. తోటకూరలా కనిపించే కాంగ్‌కుంగ్ వేపుడులో బెలాచాన్ అనే రొయ్యల ముద్ద పడుతుంది. నాసి లెమాక్ అనే కొబ్బరిపాల అన్నంతో ఇచ్చే సంబల్‌ అనే మిరపకారంలో నెత్తళ్ళు ఉంటాయి. "అదా బెలాచాన్?" అని అడగండి, ఉందో లేదో చెప్తారు. మన పరోటాలాంటి రోటీ చనాయ్ తీసుకుంటే పప్పుతోపాటు చేపల పులుసు కూడా రావచ్చు కాబట్టి "దాల్ సాజా" అనండి. గుడ్డు కూడా తినరంటే పిండిలో కలిపారేమో కనుక్కోండి.

నిశ్చింతగా తినాలంటే ఈ ఊళ్ళోని లిటిల్ ఇండియా, అంటే బ్రిక్‌ఫీల్డ్స్‌లో మన శాకాహార హోటళ్ళున్నాయి. కానీ చైనీస్ శాకాహార హోటళ్ళను మాత్రం వదలకండి. బౌద్ధులు నడిపే చాలా చోట్ల ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. కార్తీకమాసంలో నేను మా వాళ్ళను అక్కడికే తీసుకెళ్తాను. చేపలా, కోడిలా కనిపించేవన్నీ సోయా, పుట్టగొడుగుల్లాంటి వాటితో చేసినవే. చైనీస్ చాంద్రమాన నెలలో 1, 15 తేదీల్లో, అంటే దాదాపు మన అమావాస్యకీ పౌర్ణమికీ, రద్దీ ఎక్కువ. త్వరగా వెళ్ళండి.

ఇంట్లో షుగరున్న పెద్దవాళ్ళు వస్తే తే తారిక్ అనే ఇక్కడి టీ ఇప్పించకండి, అది కండెన్స్‌డ్ మిల్క్‌తో చేస్తారు. "తే సీ కోసోంగ్" అడిగితే చక్కెర లేని పాలటీ ఇస్తారు.

మెనూలో ధర పక్కన రెండు ప్లస్‌లుంటే 10 శాతం సర్వీస్ ఛార్జి, 6 శాతం పన్ను అదనం. టిప్పు ఇవ్వాలన్న మొహమాటం అక్కర్లేదు.

మలయ్ సహోద్యోగుల్ని భోజనానికి పిలిస్తే మాత్రం జాకిమ్ (ఇక్కడి ప్రభుత్వ ఇస్లామిక్ శాఖ) హలాల్ గుర్తున్న చోటికే తీసుకెళ్ళండి. శాకాహార హోటలైనా సరే, వాళ్ళకు అభ్యంతరం లేదని ముందే కనుక్కుని బుక్ చేయండి.